హువా హిన్: రైలు కట్టిన విహారపట్టణం

థాయ్‌లాండ్‌లో సముద్రతీర విహారపట్టణంగా అన్నిటికంటే ముందు ఎదిగిన ఊరు హువా హిన్. బ్యాంకాక్‌కు దక్షిణంగా సుమారు 200 కి.మీ. దూరంలో, ప్రచువప్ ఖిరి ఖాన్ ప్రావిన్సులో, థాయ్‌లాండ్ సింధుశాఖ పడమటి ఒడ్డున ఉంది. ఇక్కడికి వచ్చినవారు తప్పక చూసేవి కొన్ని ఉన్నాయి: ఎరుపు, మీగడ రంగుల చెక్క రైల్వేస్టేషన్, ఏనుగు ఆకారంలో పొదలు కత్తిరించిన తోట ఉన్న పాత హోటల్, రైలుపట్టాల అవతలి గోల్ఫ్ మైదానం, వంపు కప్పుల బజారు, ఉత్తరాన రెండు రాజభవనాలు. ఇవన్నీ 1911లో రైలు వచ్చాక, పాతికేళ్లలోపే వెలిసినవి. విడివిడిగా చూస్తే అందమైన పాత కట్టడాలు. వరసలో చూస్తే మాత్రం ఒక రాచకుటుంబం, ఒక రైల్వే శాఖ కలిసి చిన్న పల్లెను పట్టణంగా మలిచిన తీరు, ఆ తీరానే ఒక రాచరికం తన సర్వాధికారాన్ని పోగొట్టుకున్న వైనం తెలుస్తాయి.

రైలుకు ముందు

1834 ప్రాంతంలో ఫెచ్చబురి వైపు కరువు వచ్చినప్పుడు కొందరు రైతులు దక్షిణానికి వలసవచ్చి, తెల్లని ఇసుక, ఒడ్డున వరసగా రాళ్లు ఉన్న ఈ చోట స్థిరపడ్డారని చెబుతారు. ఆ పల్లెను అప్పట్లో సమొ రియాంగ్ అనేవారు. సాగు, చేపల వేట తప్ప మరో జీవనాధారం ఉండేది కాదు. సయాం (థాయ్‌లాండ్ పాత పేరు) ప్రజల జీవితమంతా అప్పుడు నదులు, కాలువల వెంట సాగేది. సముద్రమంటే వేటకు, వర్తకానికి పోయే దారి. పని లేకుండా ఒడ్డున నాలుగు రోజులు గడిపి రావడమన్న ఊహ అప్పటికి లేదు.

ఆ ఊహ 19వ శతాబ్దం రెండో సగంలో రాచకుటుంబంతో మొదలైంది. సముద్రపు గాలి ఆరోగ్యానికి మంచిదన్న పాశ్చాత్య వైద్యుల మాట సయాం ఆస్థానానికీ చేరింది. బ్యాంకాక్‌కు తూర్పున చొన్‌బురి తీరంలోని ఆంగ్ సిలాలో జబ్బుపడి లేచినవారు విశ్రాంతి తీసుకోవడానికి భవనాలు కట్టారు. అదే తీరానికి ఎదురుగా ఉన్న సీచాంగ్ ద్వీపంలో చులలాంగ్‌కోర్న్ రాజు 1892లో వేసవి భవనం మొదలుపెట్టారు. మరుసటి ఏడే ఫ్రాన్సుతో గొడవ ముదిరి, ఫ్రెంచి సేనలు ఆ ద్వీపాన్ని ఆక్రమించాయి. ఆ భవనం ఇక పూర్తికాలేదు. అక్కడి టేకు మందిరాన్ని విప్పి బ్యాంకాక్‌కు తరలించారు. నేటి విమాన్‌మెక్ భవనం ఆ కలపతో నిలిచిందే. తూర్పు తీరం అలా చేజారడంతో రాచకుటుంబం చూపు పడమటి తీరం వైపు మళ్లింది.

ఆ పడమటి తీరానికి అంతకుముందు మంచిపేరు లేదు. ఖగోళశాస్త్రం మీద మక్కువ గల మోంగ్‌కుట్ రాజు 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పడుతుందని స్వయంగా లెక్కగట్టి, దాన్ని చూడటానికి ప్రచువప్ తీరంలోని వా కో అనే చోట విడిది ఏర్పాటు చేశారు. ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞులను, సింగపూర్ నుంచి బ్రిటిష్ గవర్నర్ హ్యారీ ఓర్డ్‌ను ఆహ్వానించారు. లెక్క తప్పలేదు, ఆరు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా మరుగయ్యాడు. అదే గ్రహణఛాయ సయాం చేరేముందు తెలుగునేల మీదుగా సాగింది. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు వేధశాలకు చెందిన నార్మన్ పోగ్సన్ దాన్ని పరిశీలించారు. హీలియం మూలకం ఆచూకీ మొదట దొరికింది ఆ గ్రహణం నాటి పరిశీలనల్లోనే. వా కో విడిదిలో మాత్రం విషాదం మిగిలింది. చిత్తడినేలలోని దోమల వల్ల మలేరియా సోకి మోంగ్‌కుట్ అక్టోబర్ 1న కన్నుమూశారు. వెంట వెళ్లిన కొడుకు చులలాంగ్‌కోర్న్ కూడా జ్వరపడి, కోలుకున్నాక సింహాసనం ఎక్కారు. తాతను బలిగొన్న జ్వరాల తీరానికి ఆ తర్వాత మనవలే ఆరోగ్యం కోసం వెళ్లారు. మధ్యలో వచ్చిన మార్పుకు ముఖ్య కారణం రైలు.

పట్టాలు వేసిన దారి

బ్యాంకాక్ నుంచి దక్షిణపు రైలు 1903లో ఫెచ్చబురి చేరింది. చావ్ ఫ్రయా నదికి పడమర ఒడ్డున ఉన్న బ్యాంకాక్ నోయ్ స్టేషన్ నుంచి ఈ బళ్లు బయలుదేరేవి. ఆ మార్గాన్ని మలయా దాకా పొడిగించడానికి కావలసిన డబ్బు 1909లో బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందంతో సమకూరింది. సయాం కెడా, కెలాంటన్, తెరంగాను, పెర్లిస్‌ల మీద తన హక్కులను వదులుకుంది. అందుకు తోడు మలయా సమాఖ్య రాష్ట్రాల నుంచి రైలు మార్గం కోసం 40 లక్షల పౌండ్ల అప్పు దొరికింది. 1911 చివరలో పట్టాలు హువా హిన్ చేరాయి. పడవలో ప్రయాసపడి చేరవలసిన తీరం, పొద్దున బయలుదేరితే అదే రోజు అందే దూరానికి వచ్చింది.

ఇక్కడ మొదట పెద్ద ఇల్లు కట్టినవారు మోంగ్‌కుట్ కుమారుడు నరేశ్ రాకుమారుడు. ఒడ్డున కట్టించిన ఆ విడిదికి సేన్ సమ్రాన్ అని పేరు. తన ఇంటి ముందున్న ఇసుకతీరాన్ని హువా హిన్ అని పిలిచింది కూడా ఆయనే అంటారు. ఆయన దారిలోనే మిగతా రాకుమారులు, ప్రభువర్గం వారు ఒడ్డు పొడవునా చెక్క బంగళాలు కట్టుకున్నారు.

పట్టణానికి అసలు రూపమిచ్చింది మరో రాకుమారుడు. చులలాంగ్‌కోర్న్ కుమారుడైన పురఛత్ర కేంబ్రిడ్జిలో ఇంజనీరింగ్ చదివారు. మొదటి ప్రపంచయుద్ధంలో సయాం 1917లో జర్మనీ మీద యుద్ధం ప్రకటించాక, అప్పటిదాకా జర్మన్ ఇంజనీర్లు నడిపిన ఉత్తర రైల్వేనూ దక్షిణ రైల్వేనూ కలిపి ఒక్కటి చేశారు. దాని సారథ్యం ఆయనకు అప్పగించారు. మరుసటి ఏడు పట్టాలు మలయా పట్టాలతో కలిశాయి. పెనాంగ్ వైపు నుంచి వచ్చే విదేశీయులు దిగి సేదదీరడానికి దారిలో ఒక చోటు కావాలి. బ్యాంకాక్ ఉద్యోగులు సెలవులకు రైలెక్కాలన్నా అలాంటి చోటే కావాలి. పురఛత్ర ఈ రెండు అవసరాలకూ హువా హిన్‌ను ఎంచుకున్నారు.

రైల్వే శాఖే 1923లో ఒడ్డున హోటల్ తెరిచింది. దానికి నమూనా గీసింది సయాం రైల్వే కొలువులోని ఇటలీ వాస్తుశిల్పి రిగాజ్జీ. పొడవాటి వరండాలు, ఎత్తైన పైకప్పులు, చెక్కతో చేసిన పనితనం, చుట్టూ తోట. వేడి దేశంలో గాలి ఆడేలా కట్టిన ఇల్లు అది. మరుసటి ఏడాది స్టేషన్ వెనుక గోల్ఫ్ మైదానం తెరుచుకుంది. దాన్ని తీర్చిదిద్దింది రాబిన్స్ అనే స్కాట్లండ్ రైల్వే ఇంజనీరు. థాయ్‌లాండ్‌లో ప్రమాణాల ప్రకారం వేసిన తొలి గోల్ఫ్ మైదానం ఇదే. 1926లో నేటి చెక్క స్టేషన్ భవనం, అదే ఏడు చత్‌చాయ్ బజారు వచ్చాయి. బజారు కప్పుకు ఏడు వంపులు. ఏడవ రామ బిరుదుతో పాలించిన ప్రజాధిపోక్ రాజుకు గుర్తుగా వాటిని చెప్పుకుంటారు. 1927 జనవరి 1న చావ్ ఫ్రయా మీద రైలు వంతెన తెరవడంతో, నది దాటే అవసరం లేకుండా బ్యాంకాక్ నడిబొడ్డు నుంచే హువా హిన్‌కు రైలెక్కే వీలు కలిగింది.

రెండు భవనాలు

పట్టణానికి ఉత్తరంగా, ఫెచ్చబురి ప్రావిన్సు చా-ఆమ్ పరిధిలో ఉన్న మృగదాయవన్ భవనం ఆరవ రామ, వజిరావుధ్ రాజు కట్టించింది. కాళిదాసు శకుంతల కథను థాయ్ నాటకంగా రాసిన, షేక్స్‌పియర్ నాటకాలను అనువదించిన రాజు ఆయన. కీళ్లవాతంతో బాధపడే ఆయనకు వైద్యులు సముద్రతీరవాసం మంచిదన్నారు. మొదట ఫెచ్చబురి తీరంలోనే హాత్ చావ్ సమ్రాన్ అనే చోట విడిది కట్టించారు. పక్కన జాలరిపల్లె ఉండటంతో ఈగలు ముసిరేవి, మంచినీటికీ కటకటగా ఉండేది. ఆ భవనాన్ని విప్పించి, ఆ టేకుతోనే 1923-24లో కొత్త చోట మృగదాయవన్ కట్టించారు. రాజు సొంతంగా గీసిన ఊహాచిత్రాన్ని ఇటలీ వాస్తుశిల్పి ఎర్కోలే మన్‌ఫ్రెడీ నిర్మాణ నమూనాగా మార్చారు.

ఈ భవనంలో నేల మీద ఆనిన గది లేదు. 16 చెక్క మందిరాలు 1,080 కాంక్రీటు స్తంభాల మీద నిలబడి ఉంటాయి. కప్పు ఉన్న పొడవాటి నడవలు వాటిని కలుపుతాయి, కొన్ని నడవలు నేరుగా ఒడ్డున స్నానపు మందిరాల దాకా వెళ్తాయి. ప్రతి స్తంభం మొదట్లో చుట్టూ చిన్న తొట్టి ఉంటుంది. అందులో నీళ్లు నింపితే చీమలు పైకెక్కలేవు. గోడల పైభాగమంతా చెక్క జాలీలు. కిందనుంచి, పక్కలనుంచి వచ్చిన సముద్రపు గాలి వాటిలోంచి పారుతుంది. విద్యుత్తు పంకాలు లేకుండా ఉక్కపోతను జయించిన ఈ ఉపాయాలను దగ్గర నుంచి చూడటమే ఇక్కడి విశేషం. రాజు మాత్రం 1924, 1925 వేసవుల్లో రెండుసార్లే ఇక్కడ ఉన్నారు. 1925 నవంబర్‌లో మరణించారు.

ఆయన తర్వాత రాజైన తమ్ముడు ప్రజాధిపోక్ హువా హిన్ పట్టణంలోనే తన సొంత డబ్బుతో మరో భవనం కట్టించారు. 1926లో పని మొదలైంది. క్లై కాంగ్‌వోన్, అంటే చింతలకు దూరమైనది, అని దానికి పేరు. నమూనా గీసిన ఇద్ధిదేబ్‌సాన్ రాకుమారుడు, ఈ తీరాన మొదటి ఇల్లు కట్టిన నరేశ్ రాకుమారుడి కొడుకే. మృగదాయవన్ చెక్కతో, స్తంభాల మీద నిలిస్తే, ఇది యూరప్ సముద్రతీర బంగళాల తీరులో కట్టిన భవనం.

గోల్ఫ్ మైదానానికి చేరిన వార్త

1932 జూన్ 24 ఉదయం బ్యాంకాక్‌లో కొందరు సైనికాధికారులు, పౌర ఉద్యోగులు కలిసి అధికారాన్ని చేజిక్కించుకున్నారు. రాజు ఆ ఉదయం హువా హిన్ గోల్ఫ్ మైదానంలో ఉన్నారు. రాజధానిలో రాకుమారులను నిర్బంధిస్తుండగా పురఛత్ర రైలు మీద తప్పించుకొని హువా హిన్ చేరి రాజుకు కబురందించారు. రాజును తీసుకురావడానికి కొత్త పాలకులు సుఖోథాయ్ అనే యుద్ధనౌకను పంపారు. ఆయన ఓడ ఎక్కలేదు. ప్రత్యేక రైల్లో రాజధానికి వెళ్లారు, రాజ్యాంగానికి కట్టుబడిన రాజుగా ఉండటానికి ఒప్పుకున్నారు. సయాంలో నిరంకుశ రాచరికం అలా ముగిసింది.

మరుసటి ఏడాది అక్టోబర్‌లో కొత్త ప్రభుత్వం మీద సైన్యంలో ఒక వర్గం తిరగబడింది. దానికి నాయకుడు బోవోరదెత్ రాకుమారుడు. ఆయన కూడా నరేశ్ కొడుకే. అంటే ఒక అన్నదమ్ముడు గీసిన భవనంలో రాజు ఉండగా, మరో అన్నదమ్ముడి తిరుగుబాటు ఆ రాజు అక్కడ నిలవలేని పరిస్థితి తెచ్చింది. రాజు ఎవరి పక్షమో తేల్చుకోమన్న ఒత్తిడి పెరగడంతో రాజదంపతులు సముద్రమార్గాన దక్షిణాన సోంగ్‌ఖ్లాకు తరలిపోయారు. ప్రజాధిపోక్ 1935 మార్చి 2న ఇంగ్లండ్‌లో ఉంటూనే సింహాసనం వదులుకున్నారు. పురఛత్ర 1936లో సింగపూర్‌లో చనిపోయారు. పట్టణాన్ని మలిచిన తరం అంతటితో చెదిరిపోయింది. వారు కట్టినవి మిగిలాయి.

రెండో జీవితం

1950లో పెళ్లయ్యాక భూమిబోల్ రాజు, సిరికిట్ రాణి కొత్త కాపురపు రోజులు గడిపింది క్లై కాంగ్‌వోన్‌లోనే. ఆ తర్వాత రాజకుటుంబం ఏటా రావడం ఆనవాయితీ అయింది. 1952లో పట్టణానికి పడమర హువాయ్ మోంగ్‌ఖోల్ పల్లె దగ్గర రాజు వాహనం బురదలో దిగబడింది. బయటికి లాగడానికి వచ్చిన రైతులు, పండించిన కూరగాయలను హువా హిన్ బజారుకు చేర్చడానికే ఎంతో సమయం పడుతోందని, సరైన బాట కావాలని చెప్పుకున్నారు. రాజు బుల్డోజర్ ఇచ్చి రోడ్డు వేయించారు. దేశమంతటా తర్వాత వచ్చిన రాజ అభివృద్ధి పథకాలకు ఇదే మొదటిదని చెబుతారు. 1966 ఏప్రిల్ 19న ఆయన తన చేత్తో చేసుకున్న తెరచాప పడవలో ఒంటరిగా హువా హిన్ నుంచి అవతలి ఒడ్డున సత్తాహిప్ వరకు 60 నాటికల్ మైళ్లు 17 గంటల్లో దాటారు. 1995లో భవనం పక్కనున్న పాఠశాల నుంచి ఉపగ్రహం ద్వారా మారుమూల బడులకు పాఠాలు ప్రసారం చేయడం మొదలైంది.

ఎదురు తీరంలోని పట్టాయా వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైనికుల రాకతో ఒక్కసారిగా పెరిగింది. హువా హిన్ పెరుగుదల నిదానంగా సాగింది. రాజు నివాసం ఉండటం, బ్యాంకాక్ కుటుంబాలు తరతరాలుగా వేసవికి రావడం దానికి కారణాలు. నిదానమే అయినా పాత కట్టడాలకు ముప్పు తప్పలేదు. రైల్వే హోటల్ కాలక్రమంలో శిథిలమైంది. 1984లో విడుదలైన ‘ద కిల్లింగ్ ఫీల్డ్స్’ చిత్రంలో అది నోమ్ పెన్‌లోని హోటల్‌గా కనిపిస్తుంది. ఆ దశాబ్దం చివరి సగంలో ఒక ప్రైవేటు సంస్థ దాన్ని కౌలుకు తీసుకొని, కూల్చకుండా బాగుచేయించింది. 2009లో ఆగ్నేయాసియా దేశాధినేతల శిఖరాగ్ర సమావేశాలు చా-ఆమ్, హువా హిన్‌లలో జరిగాయి. ఆ అక్టోబర్‌లో భారత్-ఆసియాన్ సమావేశానికి అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చారు.

ఏం చూడాలి, ఏ వరసలో

పట్టణ చరిత్రను కాలినడకనే చూడవచ్చు. మొదలుపెట్టవలసింది స్టేషన్ దగ్గరే. ప్లాట్‌ఫారం పక్కన ఉన్న రంగురంగుల రాజవిశ్రాంతి మందిరం ఆరవ రామ కాలంనాటిది. నఖోన్ పథోమ్‌లోని రాజభవన ఆవరణ నుంచి తర్వాత ఇక్కడికి తరలించారు. స్టేషన్ ఎదుటి దమ్నోన్ కసెమ్ వీధి నేరుగా సముద్రానికి, పాత రైల్వే హోటల్ తోటకు చేరుస్తుంది. అక్కడి నుంచి ఉత్తరానికి నరేత్ దమ్రీ వీధిలో తిరిగితే జాలర్ల పాత పేట వస్తుంది. నీళ్లలోకి చొచ్చుకొచ్చిన చెక్కవంతెనల మీది ఇళ్లు చాలావరకు భోజనశాలలుగా, బసలుగా మారాయి. రాత్రిపూట సముద్రంలో పచ్చని దీపాలు వెలిగించిన పడవలు వరసగా కనిపిస్తాయి; ఆ వెలుగుకు వచ్చే స్క్విడ్‌లను పడతారు. వాటిని ఎండబెట్టి, నిప్పుల మీద కాల్చి రాత్రి బజారులో అమ్ముతారు. పగలు చత్‌చాయ్ బజారులో చేపలు, కూరగాయలు, పూలు దొరుకుతాయి. ఒడ్డున గుర్రపు స్వారీ, దక్షిణాన ఖావ్ తకియాబ్ కొండ మీద గుడి, దాని కింద సముద్రానికి ఎదురుగా నిలిచిన బుద్ధవిగ్రహం చూడదగ్గవి. ఆ కొండ మీద కోతుల బెడద ఉంటుంది; చేతిలో తినుబండారాలు ఉంచుకోకపోవడం మంచిది.

ఇంకా దక్షిణానికి వెళ్తే 1966లో ఏర్పడిన ఖావ్ సామ్ రోయ్ యోత్ జాతీయ వనం వస్తుంది. థాయ్‌లాండ్‌లో సముద్రతీరాన ఏర్పడిన తొలి జాతీయ వనమిది. అందులోని ఫ్రయా నఖోన్ గుహలో పైకప్పు కూలి ఆకాశం తెరుచుకున్న చోట 1890లో చులలాంగ్‌కోర్న్ రాక కోసం నిలిపిన మండపం ఉంది. ఉదయపు ఎండ ఆ కంతలోంచి నేరుగా మండపం మీద పడే వేళ చూడటానికి జనం పెందలాడే కొండెక్కుతారు. గుహ గోడ మీద ఆ రాజు, ఆయన కుమారుడు ప్రజాధిపోక్ చెక్కించిన సంతకాలు ఉన్నాయి.

2023 డిసెంబర్‌లో పాత స్టేషన్ పక్కనే ఎత్తైన కొత్త స్టేషన్ తెరుచుకుంది. రైళ్లు ఇప్పుడు పై అంతస్తులో ఆగుతాయి. చెక్క భవనాన్ని తీసేయకుండా కాపాడి, చూడవచ్చేవారి కోసం ఉంచారు. హోటల్, బజారు, గోల్ఫ్ మైదానం, మృగదాయవన్ కూడా అలాగే వాడుకలోనో సందర్శనలోనో కొనసాగుతున్నాయి. పట్టణం ఎలా పుట్టిందో చెప్పే సాక్ష్యాలు ఇంత దగ్గర దగ్గరగా నిలిచి ఉండటం వల్లనే, సముద్రం ఒక్కటే కాకుండా చరిత్ర కూడా హువా హిన్‌లో చూడదగ్గదయింది.