దారులు మాయమైన రాత్రి

2011 జనవరి 27. గురువారం రాత్రి. చలికి కైరో కిటికీలు మూసుకుంది. కానీ నిద్రపోలేదు. తెల్లారితే శుక్రవారం. మధ్యాహ్నం నమాజు కాగానే అధ్యక్షుడు ముబారక్ పాలన మీద రోడ్డెక్కాలని పిలుపు. ఏ వీధి నుంచి కదలాలి, బాష్పవాయువు కొడితే ముఖానికి ఏం కట్టుకోవాలి, ఇప్పటికి ఎవరెవర్ని పట్టుకెళ్లారు... ఫోన్ల మీద వేళ్లు ఆగట్లేదు. టైము 12:12.

ఇంటర్నెట్ కంపెనీ టెలికాం ఈజిప్ట్ దారులు మాయం కావడం మొదలైంది. నిమిషం తిరక్కుండా రాయా. నాలుగు నిమిషాలకు లింక్ ఈజిప్ట్. మరో రెండు నిమిషాలకు ఎతిసలాత్ మిస్ర్. కాసేపాగి ఇంటర్నెట్ ఈజిప్ట్. పేజీ తెరుచుకోదు. మెసేజ్ కదలదు. జనం మోడెం ఆపి, మళ్లీ వేసి చూశారు. లాభం లేదు.

అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో అప్పటికింకా సాయంత్రమే. ప్రపంచ ఇంటర్నెట్ దారుల్ని గమనిస్తుండే రెనెసిస్ సంస్థ ఆ పతనాన్ని సెకన్లతో సహా నమోదు చేసింది. దాదాపు 3,500 దారులు గల్లంతు. తీగ ఒక్కటీ తెగలేదు. ఈ చిరునామాలకు మా మీదుగా రండని ప్రతి కంపెనీ రూటర్లూ లోకానికి దండోరా వేస్తుంటాయి. ఆ దండోరా ఆపితే చాలు, దేశం కనిపించదు. ఆ వరస చూసిన రెనెసిస్ మనిషి జిమ్ కోవీకి అనుమానం వచ్చింది. యంత్రం చెడితే ఇలా జరగదు. ఎవరో ఫోన్లు చేసి చెప్తున్నట్టుంది, ఒకరి తర్వాత ఒకరికి.

ఆ రాత్రే కైరో వీధిలో వాయిల్ ఘోనిమ్‌ని భద్రతా దళాలు ఎత్తుకెళ్లాయి. కళ్లకు గంతలు. ఏడు నెలల కిందట అలెగ్జాండ్రియాలో ఖాలెద్ సయీద్ అనే యువకుణ్ని పోలీసులు ఇంటర్నెట్ కెఫేలోంచి ఈడ్చి కొట్టి చంపారు. ఆ పేరుతో ఫేస్‌బుక్‌లో లక్షల మందిని కూడగట్టింది ఈ ఘోనిమే. పేజీ నడిపే మనిషి లేడు. పేజీ తెరిచే దారీ లేదు. పొద్దునకల్లా మొబైళ్లూ మూగబోయాయి. ప్రభుత్వం నుంచి ఆదేశం వచ్చింది, చట్టం ప్రకారం పాటించక తప్పదంది వొడాఫోన్.

సర్కారు పన్నాగం ఇక్కడే ఎదురు తిరిగింది.

కొడుకు ఎక్కడున్నాడో తెలియని తల్లి, నిన్నటిదాకా గదిలో కూర్చుని వార్తలు చదివిన కుర్రాడు, కబురు రాక కాలు నిలవని దుకాణదారు, అందరూ ఏం జరుగుతోందో కళ్లతో చూసుకోవడానికి మెట్లు దిగి, సందులు దాటి, పొగకు కళ్లు మండుతున్నా వంతెనల మీదుగా తహ్రీర్ కూడలి వైపు సాగిపోయారు. పొద్దు గుంకేసరికి పోలీసులు వెనక్కి తగ్గారు. సైన్యం దిగింది.

మరి బయటి లోకానికి కబురెలా? ఇళ్లలో ల్యాండ్‌లైన్లు మాత్రం బతికే ఉన్నాయి. పారిస్ నుంచి ఎఫ్‌డీఎన్ అనే చిన్న లాభాపేక్ష లేని సంస్థ డయలప్ నంబరొకటి తెరిచింది. యూజర్‌నేమ్ టోటో. పాస్‌వర్డూ టోటోనే. అటకెక్కిన పాత మోడెం ఉన్నవాళ్లకు అదో దారి. కీచుమని అరుపు, గరగర, ఆపైన నత్తనడక. విదేశీ కాల్ ఛార్జీ మోత సరేసరి. గూగుల్, ట్విట్టర్ కలిసి ఇంకో దారి తీశాయి: ఫోన్‌లో గొంతు వదిలితే అదే ట్వీట్‌గా వెళ్తుంది.

స్టాక్ ఎక్స్ఛేంజ్ ఖాతాదారుగా ఉన్న నూర్ అనే ఇంటర్నెట్ కంపెనీ ఒక్కటే ఇంకా ప్రపంచానికి కనిపిస్తోంది. జనవరి 31 రాత్రి అదీ పోయింది.

ఫిబ్రవరి 2 మధ్యాహ్నానికి దారులు తిరిగొచ్చాయి. 7న ఘోనిమ్ బయటికొచ్చాడు. 11న ముబారక్ గద్దె దిగాడు. జనాన్ని ఇంటర్నెట్‌కు దూరం చెయ్యడానికి ఏ సాకూ చెల్లదని ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి ఫ్రాంక్ లా రూ ఆ ఏడాదే నివేదికిచ్చాడు. మే నెలలో కైరో కోర్టు ముబారక్‌కి, మాజీ ప్రధాని నజీఫ్‌కి, మాజీ హోంమంత్రి అద్లీకి కలిపి 54 కోట్ల ఈజిప్ట్ పౌండ్ల జరిమానా వేసింది. నెట్ ఆపి దేశానికి నష్టం చేసినందుకు.

2018 మార్చిలో పై కోర్టు ఆ జరిమానా కొట్టేసింది.