నాలుగు పేర్ల గజపతి ఆడపడుచు

కొండవీటి కోటలో బందీగా దొరికిన ఒడ్డె రాకుమారుడు, ఏడాది తిరిగేసరికి కన్నడ సీమలో పెళ్లిళ్ల మీద పన్ను ఎత్తేశాడు! ఈ సంగతి చదివిన నాటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు. అతని పేరు వీరభద్ర గజపతి. 1516 నాటి శాసనం ప్రకారం విజయనగరపు కృష్ణదేవరాయల కింద మలెబెన్నూరు సీమ ఏలుతూ, కన్నతండ్రి ప్రతాపరుద్రుడికీ తనను పట్టుకున్న రాయలకూ కలిపి పుణ్యం దక్కాలని ఆ పన్ను మాన్పించాడు. అవమానం భరించలేక ప్రాణం తీసుకున్నాడని పోర్చుగీసు నూనిజ్ రాసిందీ అతని గురించే.

ఆ ఇంటి ఆడపడుచు పెళ్లి మాత్రం రాజ్యాల బేరంలో జరిగింది. రాయలతో యుద్ధం కటకం దాకా సాగాక ప్రతాపరుద్ర గజపతి కూతురినిచ్చి సంధి చేసుకున్నాడు. కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలను రాయలు తిరిగి ఇచ్చేశాడు. కొండవీడు, ఉదయగిరి ఆయనకే మిగిలాయి. కొండవీడు పడింది 1515 జూన్ 23, శనివారం. వారంతో సహా లెక్క చెప్పగలుగుతున్నాం, మంగళగిరిలో తిమ్మరుసు శాసనం ఉంది గనక. పెళ్లికూతురి పేరు దగ్గరే తకరారు: ఒకచోట జగన్మోహిని, ఒకచోట తుక్కాదేవి, మరోచోట అన్నపూర్ణ. కంభం వాళ్లకు వరదరాజమ్మ.

తొలిరేయి రాయల్ని పొడవమని తండ్రి కత్తి ఇచ్చి పంపాడనీ, అది బయటపడి రాయలు ఆమెను దూరం పెట్టాడనీ, కంభంలో ఒంటరిగా ఉంటూ చెరువు కట్టించిందనీ కథ. కత్తి మాట నాకు నమ్మబుద్ధి కాదు. వదిలేసిన భార్య మీదకు నేరం నెట్టడం లోకానికి అలవాటే. తుమ్మెద పట్టించుకోని సంపెంగను గురించిన అయిదు సంస్కృత శ్లోకాలు ఆమెవే అంటారు. తుక్కాపంచకం అంటే అదే. చెరువు మాత్రం కళ్లెదుట ఉంది: రెండు కొండల నడుమ సందుకు కట్ట వేసి గుండ్లకమ్మను ఆపారు.

ఇలా పొత్తు కోసం అత్తారింటికి వెళ్లిన ఆడపిల్లలు ఈ నేలకు కొత్త కాదు. అంతకు మూడు శతాబ్దాల కిందట కాకతి గణపతిదేవుడు కూతురు గణపాంబను ధరణికోట కోట బేతరాజుకిచ్చాడు. భర్త పోయాక ఆ సీమను ఆమే ఏలింది, అమరేశ్వరుడి గుడికి బంగారు కలశం ఎత్తించింది. యనమదల శాసనం ఆమెదే. రెడ్ల కాలంలో విజయనగరపు హరిహరాంబ కాటయవేముడి ఇంటికి కోడలైంది. ఆమె మనసు చెప్పే ముక్క ఒక్కటీ మిగల్లేదు.

కంభం చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది. గుండ్లకమ్మ నీళ్లు తాగేవాళ్లు పూనుకుని ఆ గజపతి ఆడపడుచు నాలుగు పేర్లూ కట్ట మీద రాతిలో చెక్కించాలి.