మధుమేహమున చెమట

రోహిణీకార్తెలో గోదావరి డెల్టాలో చెమట పట్టనివారుండరు. ఎండకు గాలిలోని తేమ తోడగుటచే పట్టిన చెమట త్వరగా ఆరదు. అందుచే ఇచ్చట చెమటను ఎవరును వ్యాధిలక్షణముగా ఎంచరు. కాని మధుమేహము గలవారికి అది ప్రమాదసూచన కావచ్చును. గోదావరి జిల్లాల పల్లెలలో జరిగి 2006లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, ముప్పది యేండ్లు దాటిన వారిలో నూటికి 13 మందికి ఈ వ్యాధి యున్నట్లు తేలినది. కావున ఈ చెమట చరిత్ర తెలిసికొనదగినది.

చరకసంహిత ప్రమేహమునకు పూర్వరూపములుగా చెప్పిన వానిలో చెమట, ఒంటి వాసన గూడ కలవు. రోగుల మూత్రమునకు చీమలు పట్టుటను మన ప్రాచీనులు గమనించిరి. ఆ తీపి చక్కెరయేనని 1776లో లివర్‌పూల్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ నిరూపించెను. చెమట సంగతి మాత్రము చాలకాలము మరుగుననే యుండెను.

1921లో కెనడాలోని టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులిన్‌ను వేరుచేసిరి. 1922 జనవరిలో దానిని తొలిసారి ఒక బాలునికి ఎక్కించిరి. చావు తప్పదనుకొన్నవారు బ్రతికిరి. కాని వెంటనే ఒక వింత కనబడెను. మోతాదు మించినను, వేళకు తినకున్నను రోగికి ఆకలి, వణకు, ముచ్చెమటలు పట్టుచుండెను. ఒక్కొక్కప్పుడు తెలివి తప్పుచుండెను. చక్కెర నీరు త్రాగించిన కొలది నిమిషములలో తేరుకొనుచుండిరి. అనగా చక్కెర హెచ్చుగా నుండు జబ్బులో ఈ చెమట చక్కెర తగ్గుటవలన పుట్టుచున్నది!

1924లో అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్, తన సహచరులతో గూడి దీని మర్మమును కొంత విప్పెను. రక్తములో చక్కెర పడిపోగానే దేహము అడ్రినలిన్‌ను వదలును. అది కాలేయములోని నిలువ చక్కెరను రక్తములోనికి రప్పించును. గుండెదడ, వణకు దాని గుర్తులే. అదే సమయమున నాడులు స్వేదగ్రంథులను ప్రేరేపించును. ఆ నాడులు అసిటైల్‌కోలిన్ అను పదార్థము ద్వారా పనిచేయునని 1934లో డేల్, ఫెల్డ్‌బర్గ్‌లు పిల్లి పాదములపై ప్రయోగించి చూపిరి.

ఏండ్ల తరబడి చక్కెర అదుపు తప్పినచో ఆ నాడులే చెడును. అట్టివారిలో కొందరికి అన్నము తినగానే ముఖమున చెమట పోయునని 1973లో లండన్ వైద్యుడు వాట్కిన్స్ వివరించెను. వారి పాదములు మాత్రము చెమట లేక పొడిబారి పగులును. స్పర్శ తగ్గుటచే గాయము తెలియదు. చెప్పులు లేక బురదచేలలో దిగువారికి ఇది పెద్ద ముప్పు.

ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించు మాత్రలు గాని వాడువారికి నీడపట్టున హఠాత్తుగా చల్లని చెమట పట్టి, వణకు, ఆకలి తోడైనచో, ఎండదెబ్బ యని విసనకఱ్ఱతో సరిపెట్టరాదు. తెలివి యున్నచో వెంటనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగించవలెను. తెలివి తప్పినచో నోట ఏమియు పోయక ఆసుపత్రికి చేర్చవలెను. తరగతిగదిలో ఈ ఒక్క సంగతి తెలిసిన ఉపాధ్యాయుడు ఒక ప్రాణమును నిలుపగలడు.