వికీపీడియా: ముందు ప్రచురణ, తరువాత పరిశీలన

విజ్ఞాన సర్వస్వాన్ని పండితులు రాయడం, సంపాదకులు పరిష్కరించడం, ఆ తరువాతే ప్రచురించడం పూర్వపు పద్ధతి. జిమ్మీ వేల్స్, లారీ శాంగర్ 2000లో ప్రారంభించిన న్యూపీడియా కూడా ఏడు అంచెల పరిశీలనను పాటించింది. ఫలితంగా వ్యాసాలు నత్తనడకన వచ్చాయి. అందువల్ల 2001 జనవరి 15న, ఎవరైనా రాయగల, దిద్దగల వికీపీడియాను ఆరంభించారు. దీంతో పాత క్రమం తలకిందులైంది.

ఈ మార్పుకు మూల్యం లేకపోలేదు. అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెంథేలర్ ఒకప్పుడు రాబర్ట్ కెనెడీకి సహాయకుడు. కెనెడీ సోదరుల హత్యలలో ఆయనపై అనుమానం ఉండేదని 2005 మేలో ఒక అజ్ఞాత వ్యక్తి వికీపీడియాలో కల్పించి రాశాడు. ఆ అబద్ధం దాదాపు నాలుగు నెలలు అలాగే ఉండిపోయింది. నవంబరులో సీగెంథేలర్ దీనిని పత్రికలో ఎండగట్టారు. డిసెంబరులో, ఖాతా లేనివారు ఆంగ్ల వికీపీడియాలో కొత్త వ్యాసాలు ప్రారంభించకుండా కట్టడి చేశారు. జీవించి ఉన్న వ్యక్తులపై ఆధారం లేని ఆరోపణలను వెంటనే తొలగించాలనే నియమం తరువాత ఏర్పడింది.

అదే డిసెంబరులో నేచర్ పత్రిక 42 విజ్ఞానశాస్త్ర అంశాలపై వ్యాసాలను నిపుణులచేత పోల్చి చూపించింది. ఒక్కో వ్యాసానికి సగటున వికీపీడియాలో సుమారు 4, బ్రిటానికాలో సుమారు 3 పొరపాట్లు కనిపించాయి. ఈ నిర్ణయాన్ని బ్రిటానికా ఖండించింది.

ఈ రెండు ఘటనలను కలిపి చూడండి. పదిమంది కనిపెట్టి ఉన్న పుటలో తప్పు త్వరగా బయటపడుతుంది. ఎవరూ చూడని పుటలో నిలిచిపోతుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకూ ఇదే వర్తిస్తుంది. కాబట్టి వ్యాసంతోపాటు దాని మూలాలను, మార్పుల చరిత్రను, చర్చా పుటను కూడా పరిశీలించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: సీగెంథేలర్ ఉదంతం తరువాత వచ్చిన మార్పులేవి?