ప్లస్ నది ఎగువ పాటలు

పేరాక్ రాష్ట్రమందలి మా సుంగై సిపుట్ చరిత్ర వ్రాయబూనినవారు తగరపు గనులతో నారంభించి, మా పెద్దలు ఓడలెక్కి వచ్చి చెమటోడ్చిన రబ్బరు తోటలను వర్ణించి, 1948 జూన్ 16వ తేదీన ఈ చుట్టుపట్ల తోటలలో ముగ్గురు దొరలు హతులగుటయు, దానితో మలయాదేశమున అత్యవసర పరిస్థితి ప్రకటింపబడుటయు చెప్పి విరమింతురు. ఊరికి ఎగువన ప్లస్ నదిని ఆశ్రయించి, గనులకును తోటలకును ఎంతో పూర్వమునుండి వసించుచున్న టెమియారులు ఆ పుటలలో కానరారు. వారికి వ్రాతప్రతులు లేవు గాని పాటలు కలవు. ఈ నేలకు మొదటి చరిత్ర ఆ పాటలేయని నా దృఢవిశ్వాసము.

టెమియారుల నమ్మికలో చెట్టు, కొండ, జలపాతము, పండు, పులి, అన్నిటికిని ఆత్మ కలదు. ఆ ఆత్మ నిద్రించువాని కలలోనికి వచ్చి, చనవు కుదిరిన పిమ్మట, తన పాటనొకదానిని నేర్పిపోవును. ఆ ఆత్మ మరల వచ్చుటకు ఆ పాటయే త్రోవ. ఇట్లు పాట లభించి, దానితో చికిత్స చేయువానిని హాలా యందురు. మనుజుని శిరస్సునందలి ఆత్మ ఏ అడవిజీవిపైననో మనసుపడి వెడలిపోయినచో రోగము కలుగునని వారి భావన గనుక, దానిని మరలించుటకై రాత్రివేళ సెవాంగ్ అను గానసభ జరుపుదురు.

ఇంటి నడుమ ఆకుల గుత్తులు వ్రేలాడుచుండగా హాలా ఒక చరణమెత్తుకొనును. అది ముగియకమున్నే స్త్రీలు అందుకొందురు. వరుసగా కూర్చున్న ఆ స్త్రీలు చేతికొకటిగా రెండు వెదురు గొట్టములను బట్టి, ఎదుట అడ్డముగా నుంచిన దుంగపై ఒకదాని వెంట నొకటి మోదుచుందురు. గొట్టము అడుగున కణుపు మూసియుండును, పైకొన తెరచియుండును. పొడుగుదాని నాదము మంద్రము, అది మగది. పొట్టిదాని నాదము తారము, అది ఆడది. మృదంగపు జతులవంటి చమత్కారము ఇందు లేదు. ఈ రెండు నాదములే ఎడతెగక సాగి, గుండె కొట్టుకొనుటతోను అడవి కీటకముల రొదతోను ఏకమై, విన్నవాని మనసున చెప్పరాని బెంగను రేపును. ఆ బెంగయే ఆత్మలను పిలుచునది. ముక్కుతో నూదెడి పెన్సోల్ అను పిల్లనగ్రోవి వేరొక తీరుది. దానిని తీరికవేళ తమకై తాము వాయించుకొందురు.

1930 దశకమున తైపింగ్ ప్రదర్శనశాలకు ఉద్యోగియై వచ్చిన నూన్ దొర టెమియారుల నడుమ మెలగి వారి జీవనమును గ్రంథస్థము చేసెను; 1991లో మరీనా రోజ్‌మన్ అను విదుషి వారి గానవైద్యముపై గ్రంథము ప్రకటించెను. ఈ రెంటి నడుమ ఘోరమొకటి జరిగినది. అత్యవసర పరిస్థితిలో ప్రభుత్వము అడవిజనులను బలవంతముగా కొండలనుండి దింపి శిబిరములలో నుంచగా, రోగములపాలై అనేకులు మరణించిరి. మా ఊరి చరిత్రకారులు దొరల మరణమును వ్రాసిరేగాని ఈ మరణములను వ్రాయరైరి.

కలప నరుకువారు ఎగువకు వచ్చినప్పుడు, ఈ భూమి మీదియనుటకు రుజువేమని టెమియారుల నడుగుదురు. ఏ కొండ ఆత్మ ఏ తాతకు ఏ పాటనిచ్చెనో, ఏ వాగు పేరు ఏ పాటలో నున్నదో వారు చెప్పగలరు. మా తోటల పట్టాలకంటె ఈ సాక్ష్యము ప్రాచీనము. భూవివాదముల విచారణలో దానిని స్వీకరింపవలెను.