స్పానరు పట్టిన చెయ్యి: ఆస్ట్రేలియా మట్టి దారుల్లో పాత జీపుల కథ

"బాగా చదువుకో, లేకపోతే మెకానిక్కు షెడ్డులో చేరతావు!" ఈ మాట వినకుండా పెరిగిన తెలుగుపిల్లవాడు మన తరంలో ఉండడేమో. నేనూ విన్నాను. బుద్ధిగా చదివి మెకానికల్ ఇంజనీరునయ్యాను. పట్టా చేతికొచ్చిన పదేళ్ళకి, ఆస్ట్రేలియాలో ఒక పల్లె దారి పక్కన, రేడియేటరు గొట్టం చిట్లి ఆవిరి కక్కుతున్న కారు ముందు భార్యాబిడ్డలతో నిలబడ్డాను. అటుగా వచ్చిన ఒక ముసలి రైతు బండి ఆపి, ఇంజను చల్లారేదాకా కబుర్లు చెప్పి, చిట్లిన కొసను కత్తితో కోసేసి, మిగిలిన గొట్టాన్ని మళ్ళీ బిగించి, తన డబ్బాలోని నీళ్ళు పోశాడు. వెళ్ళేముందు, "మీరేం చేస్తుంటారు?" అని మర్యాదకి అడిగాడు. ఇంజనీరునని చెప్పడానికి నోరు రాలేదు. "ఆఫీసులో పని" అన్నాను.

ఆ సిగ్గుతోనే నేనొక పాత లాండ్ క్రూయిజరు కొన్నాను. మా ఇంటి గరాజులో దానికి మరమ్మతులు చేస్తూ, ఈ బండ్లకు ఇంత చరిత్ర ఉందా అని ఆశ్చర్యపోయాను. ఆ చరిత్రలో కొంత ఈ పండుగపూట మీతో పంచుకుందామని ఈ వ్యాసం.

యుద్ధంలో పుట్టిన బండి

1940లో అమెరికా సైన్యం తేలికైన, నాలుగు చక్రాలకూ శక్తి అందే చిన్న బండి కావాలని కంపెనీలను అడిగింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ, కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరు చేత నమూనా గీయించి, ఆ సెప్టెంబరులోనే మొదటి బండిని అప్పగించింది. తయారీ మాత్రం ఎక్కువగా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు దక్కింది. యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా జీపులు తయారయ్యాయి. వాటి గొప్పతనం వేగంలో లేదు. సామాన్య సిపాయి సైతం నాలుగు పనిముట్లతో పొలం గట్టు మీద విప్పి బిగించుకోగలగడమే వాటి గొప్ప.

యుద్ధం తరవాత ఇంగ్లండులో రోవర్ కంపెనీ ఇంజనీరు మారిస్ విల్క్స్, తన పొలంలో వాడుకుంటున్న పాత విల్లీస్ జీపును చూసి, అలాంటిదే మనమూ చేద్దామనుకున్నాడు. ఉక్కుకు కరువు కాబట్టి పైరేకులకు అల్యూమినియం మిశ్రమం వాడారు. 1948 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో ఆ బండి లాండ్ రోవర్ పేరుతో లోకానికి కనిపించింది. జపానులో టయోటా వాళ్ళ బి.జె. జీపు 1951లో ఫుజి పర్వతం మీద ఆరో మజిలీ దాకా ఎక్కింది. 1954లో దానికి లాండ్ క్రూయిజర్ అని పేరు పెట్టారు.

మనవైపు జీపు

మన దేశంలో 1945లో మహీంద్రా సోదరులు మాలిక్ గులాం మహమ్మద్‌తో కలిసి పెట్టిన 'మహీంద్రా అండ్ మహమ్మద్' కంపెనీ, దేశ విభజన తరవాత 1948లో 'మహీంద్రా అండ్ మహీంద్రా' అయింది. గులాం మహమ్మద్ పాకిస్తాను తొలి ఆర్థికమంత్రిగా వెళ్ళిపోయారు. విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించడంతో మొదలైన పని, క్రమంగా పూర్తి తయారీగా ఎదిగింది.

మా నాన్నగారు నాగార్జునసాగర్ కాలువల మీద ఓవర్సీరు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టులో జీపు లేనిదే పని సాగేది కాదు. దాన్ని నడిపే ఆయనను మేము "డ్రైవరు మామయ్యా" అని పిలిచేవాళ్ళం. పెట్రోలు ట్యాంకు కారితే ఆయన బట్టల సబ్బు నలిపి చిల్లుకు అద్దేవాడు. సబ్బు నీటిలో కరుగుతుంది గాని పెట్రోలులో కరగదు కదా! రేడియేటరు కారితే వంటింట్లోంచి గుప్పెడు పసుపు అడిగి తీసుకుని అందులో పోసేవాడు. ఆ పొడి చిల్లు దగ్గర చేరి గడ్డకట్టి కారడం ఆపేది. ఆయన చదివింది నాలుగో తరగతి. నేను అయిదేళ్ళు చదివిన ఇంజనీరింగులో ఈ రెండూ ఎవరూ చెప్పలేదు.

విజయవాడ ఆటోనగర్ తెలియని తెలుగువాడు లేడు. 1960లలో ఏర్పడిన ఆ పేటలో కమాను పట్టీలు కొట్టేవారు, రేడియేటర్లు అతికేవారు, లేతు పనివారు, లారీ బాడీలు కట్టేవారు పక్కపక్కనే ఉంటారు. పెట్రోలు జీపుకు డీజిలు ఇంజను ఎక్కించడం వాళ్ళకు కొత్త కాదు. పాడేరు, అరకు ఏజెన్సీ ఘాట్లలో కిక్కిరిసి నడిచిన సర్వీసు జీపులన్నీ అలాంటి చేతులు బతికించినవే. పాత బండికి కొత్త రూపం ఇవ్వడంలో మనవాళ్ళు ఎవరికీ తీసిపోరనడానికి సాక్ష్యం కావాలంటే, 1982లో ఎన్.టి. రామారావుగారి 'చైతన్య రథం' చాలు. పాత షెవర్లే వ్యానుకు పైన వేదిక, దీపాలు, మైకులు అమర్చారు. కుమారుడు హరికృష్ణ దాన్ని నడపగా ఆయన రాష్ట్రమంతా తిరిగారు. ఆ ప్రచారం సంగతి అందరికీ తెలుసు. ఆ వ్యానును అలా తీర్చిదిద్దిన మెకానిక్కుల పేర్లు మాత్రం మనలో ఎవరికి గుర్తున్నాయి? మన చరిత్రలో రథికుడి పేరు నిలుస్తుంది, రథం చేసినవాడి పేరు నిలవదు.

ఇక్కడి ఎర్రమట్టిలో

ఆస్ట్రేలియాలో సంగతి కొంత వేరు. ఇక్కడ రథం బాగుచేసుకున్నవాడినే వీరుడిగా చెప్పుకుంటారు. మోటారుకు ముందు ఈ ఎడారులలో బరువులు మోసినవి ఒంటెలు. 1860లో బర్క్, విల్స్ యాత్ర కోసం కరాచీ నుంచి ఇరవైనాలుగు ఒంటెలను మెల్‌బోర్న్‌కు తెచ్చారు. తరవాత 'ఆఫ్ఘన్లు' అని అందరినీ ఒకే గాటన కట్టి పిలిచిన ఒంటెలవాళ్ళలో పంజాబు, బలూచిస్తాను, పెషావరు ప్రాంతాలవారు చాలామంది. మన ఉపఖండంవారు ఈ దారులకు కొత్త కాదన్నమాట. 1920ల నుంచి లారీలు రావడంతో వారి జీవనం పోయింది, వదిలేసిన ఒంటెలు అడవి పాలయ్యాయి.

ఆ లారీల తరానికి ప్రతీక టామ్ క్రూజ్. సినిమా నటుడు కాదు లెండి! 1936 నుంచి మారీ, బర్డ్స్‌విల్ మధ్య అయిదువందల కిలోమీటర్లకు పైగా ఉన్న దారిలో టపా మోసినవాడు. ఆయన లేలాండ్ బాడ్జర్ లారీకి నాలుగు చక్రాల శక్తి లేదు. ఇసుకదిబ్బ వచ్చినప్పుడల్లా చక్రాల కింద ఇనపరేకులు పరిచి, దాటి, వెనక్కి వచ్చి రేకులు ఏరుకుని మళ్ళీ పరిచేవాడు. దారిలో ఏది విరిగినా బాగుచేసుకునేది తానే. 1954లో వచ్చిన 'ద బ్యాక్ ఆఫ్ బియాండ్' చిత్రం ఆయనను ప్రపంచానికి చూపింది. మరుసటి ఏడు ప్రభుత్వం ఎం.బి.ఇ. బిరుదిచ్చింది. ఎడారిలో వదిలేసిన ఆ లారీని తరవాత వెదికి తెచ్చి బాగుచేశారు. దక్షిణ ఆస్ట్రేలియాలో బర్డ్‌వుడ్ మోటారు మ్యూజియంలో దాన్ని చూడవచ్చు. ఒక టపా బంట్రోతుకు, ఆయన లారీకి దక్కిన గౌరవమిది!

1949లో మొదలై 1974లో ముగిసిన స్నోయీ మౌంటెన్స్ జలవిద్యుత్ పథకంలో ముప్పైకి పైగా దేశాల నుంచి లక్షమందికి పైగా పనిచేశారు. ఆ మంచుకొండల బురదలో లాండ్ రోవర్లు తిరిగాయి. 1950ల చివర కాంట్రాక్టరు లెస్లీ థీస్ జపాను నుంచి కొన్ని లాండ్ క్రూయిజర్లు తెప్పించాడు. యుద్ధంలో శత్రుదేశం చేసిన బండి అని మొహం చిట్లించినవారున్నా, బండి పనితనమే వారి నోరు మూయించింది. ఈ దేశంలో ఆ బండికి ఉన్న పేరుకు పునాది అక్కడే పడింది.

అదే కాలంలో లెన్ బీడెల్ అనే సర్వేయరు, చిన్న బృందంతో, ముందు తాను లాండ్ రోవర్‌లో పొదలు తొక్కుకుంటూ వెళ్ళి జాడ చూపిస్తే వెనక బుల్‌డోజరు దారి తీస్తుండగా, ఎడారిలో మొత్తం ఆరువేల కిలోమీటర్లకు పైగా రోడ్లు వేశాడు. 1958లో పూర్తయిన గన్‌బారెల్ హైవే వాటిలో ప్రసిద్ధమైనది. ఒక దారికి భార్య ఆన్ పేరు, మరొకదానికి కూతురు కానీ స్యూ పేరు పెట్టుకున్నాడు. అయితే ఇందులో చీకటి కోణమూ ఉంది. ఆ దారులు ఆయుధ పరీక్షల కోసం వేసినవి. ఎమూ, మారలింగా అణుపరీక్షా స్థలాలను ఎంచినదీ బీడెలే. అవి నిర్జన భూములు కావు, ఆదివాసుల పుట్టిళ్ళు. ఆ దారుల్లో విహారానికి వెళ్ళే మనం అది మరవకూడదు.

నాకు అన్నిటికంటే నచ్చిన కథ 1962 నాటిది. భూగర్భ శాస్త్రవేత్త రెగ్ స్ప్రిగ్, భార్య గ్రిసెల్డా, ఇద్దరు పిల్లలతో నిస్సాన్ పెట్రోల్ బండిలో సింప్సన్ ఎడారిని అడ్డంగా దాటాడు. వెయ్యికి పైగా ఇసుకదిబ్బలున్న ఆ ఎడారిని మోటారులో దాటిన మొదటివారు వాళ్ళే. సైన్యం కాదు, సంసారం!

మార్పులు, వాటి మర్మాలు

ఇక ఇంట్లో చేసే మార్పుల సంగతి. ప్రతి మార్పు వెనక ఎవరో ఎక్కడో పడ్డ ఇబ్బంది ఉంది. ముందు అమర్చే బుల్ బార్ కంగారూ దెబ్బకు రేడియేటరు పగిలి నడిదారిలో చిక్కిన అనుభవం నేర్పినది. బానెట్ పక్కనుంచి పైకి లేచే స్నార్కెల్ గొట్టం వాగు దాటేటప్పుడు ఇంజను నీళ్ళు పీల్చకుండా కాపాడుతుంది. గాలి నొక్కుకుపోతుంది గాని నీరు నొక్కుకుపోదు. సిలిండరులో నీరు చేరితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజను పోతుంది.

అంతకంటే చిన్నది, ఎవరి కంటా పడనిది మరొకటి ఉంది. చాలాదూరం నడిచి వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లని వాగులో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి బయటినుంచి నీరు పీల్చుకుంటుంది. తరవాత నూనె తీసి చూస్తే పాలలా తెల్లగా ఉంటుంది. దానికి మందు, గాలి రంధ్రానికి ఒక సన్నని గొట్టం తగిలించి ఇంజను గదిలో ఎత్తున కట్టడమే. కొద్ది డాలర్ల ఖర్చు. మా బండికి నేను స్వయంగా చేసిన మొదటి మార్పు ఇదే.

2002 నుంచి ఈ దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. పాత ఇంజన్లలో వాల్వు కూర్చునే చోటు అరగకుండా ఆ సీసమే కాపాడేది. అందుకే పాత బండి ఉన్నవారు గట్టి వాల్వు సీట్లు వేయించుకోవడమో, పెట్రోలులో మందు కలపడమో చేస్తున్నారు.

వైద్య మిత్రులు చెప్పమన్న హెచ్చరికలు రెండున్నాయి. ఒకటి, జాకీని నమ్మి బండి కిందికి దూరవద్దు, స్టాండులు తప్పనిసరి. రెండు, పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఇక్కడ దాన్ని పూర్తిగా నిషేధించింది 2003 చివరలోనే. ఆ దుమ్మును గాలితో ఊదితే అది ఊపిరితిత్తుల్లో చేరి దశాబ్దాల తరవాత కాటువేస్తుంది. ఇక బండి ఎత్తు పెంచడానికీ, ఇంజను మార్చడానికీ పరిమితులున్నాయి. కొంత దాటితే ఇంజనీరు ధ్రువపత్రం లేకుండా రోడ్డెక్కకూడదు, బీమా చెల్లకపోవచ్చు.

చివరిమాట

కొత్త బండ్లలో అంతా కంప్యూటరే, విప్పి చూసేదేముంది అంటారు. నిజమే. కాని బాగుచేసుకునే హక్కు కోసం ఈ దేశంలో చట్టమే వచ్చింది. 2022 జులై నుంచి కార్ల కంపెనీలు తమ మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్కులకూ తగిన ధరకు ఇవ్వాలి. విప్పి చూసే అలవాటు పోతే మనిషి తన వస్తువులకు తానే పరాయివాడవుతాడని ఇక్కడివారు గుర్తించారు.

మనం దసరాకు ఆయుధపూజ చేస్తాం. బండికి పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. పనిముట్టుకు దణ్ణం పెట్టే సంస్కృతి మనది. కాని ఆ పనిముట్టు పట్టే చేతిని చిన్నచూపు చూశాం. ఇదెక్కడి న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు.

కిందటిసారి ఇండియా వెళ్ళినప్పుడు డ్రైవరు మామయ్యను చూడబోయాను. వయసు మీద పడింది, చూపు తగ్గింది. నేను బండి కింద పడుకుని నూనె మారుస్తున్నానంటే నమ్మలేదు. "నీకేం ఖర్మ బాబూ, ఇంజనీరువి!" అన్నాడు. ఆ మాటకు నాకు కళ్ళు చెమర్చాయి. తన పనిని తానే ఖర్మ అనుకునేలా ఆయనకు నేర్పింది మనమే కదా! "మీ పసుపు వైద్యం మావాళ్ళకు చెప్పాను మామయ్యా" అంటే మాత్రం చిన్నపిల్లాడిలా నవ్వాడు.

మా అమ్మాయికి పదిహేనేళ్ళు. శనివారం నాతోపాటు గరాజులో ఉంటుంది. డాక్టరవుతుందో, మరేమవుతుందో దాని ఇష్టం. దారిలో బండి ఆగితే మాత్రం భయపడకుండా బానెట్ ఎత్తుతుంది. మన సంఘం ఏడాదికొక శనివారం పిల్లల చేత టైరు మార్పించి, నూనె చూపించి, నాలుగు పనిముట్లు పట్టించే ఏర్పాటు చేస్తే బాగుంటుందని నా మనవి. నా గరాజు, నా పాత బండి అందుకు సిద్ధం. అందరికీ పండుగ శుభాకాంక్షలు.