ఫ్రీగా దొరికితే అనామకం కాదు: బడుల్లో, గ్రంథాలయాల్లో మన రచనల వాడకం

ఏప్రిల్ 14 దగ్గరపడితే చాలు, ఊళ్లలో, హాస్టళ్లలో, యూనివర్సిటీల్లో చిన్న పుస్తకాలు అచ్చవుతాయి. బాబాసాహెబ్ ప్రసంగం కొంత, జాషువా పద్యాలు కొన్ని, నెట్‌లో దొరికిన ఒక ఫోటో. కొందరు కాపీరైట్ కేసు పడుతుందేమోనని భయపడి, చట్టం ఇచ్చిన హక్కును కూడా వాడుకోరు. ఇంకొందరు ‘నెట్‌లో ఉంది కదా, అందరిదీ’ అనుకుని రచయిత పేరు, అనువాదకుల పేరు తీసేసి అచ్చేస్తారు. తరతరాలుగా అక్షరానికి దూరం చేసిన జనానికి పుస్తకం స్వేచ్ఛగా అందాలి. మనవాళ్లు రాసింది మనవాళ్ల పేరుతో నిలవడమూ అంతే ముఖ్యం. ఈ రెండూ ఒకేసారి సాధ్యమే. దానికి కొన్ని సంగతులు తెలిస్తే చాలు.

‘ఫ్రీ’ అంటే మూడు వేర్వేరు సంగతులు

మొదటిది పబ్లిక్ డొమైన్. అంటే కాపీరైట్ గడువు తీరిపోయిన రచన. ఎవరైనా అచ్చేయవచ్చు, అనువదించవచ్చు, అమ్మవచ్చు. రెండోది ఓపెన్ లైసెన్స్. ఇక్కడ హక్కు రచయితదే. కాకపోతే ‘ఈ షరతులతో వాడుకోండి’ అని ముందే అనుమతి ఇచ్చేస్తారు. మూడోది చట్టం ఇచ్చిన మినహాయింపు. అంటే రచనపై హక్కులు ఉన్నా, చదువు వంటి అవసరాలకు అనుమతి అడగకుండానే వాడుకునే వీలు. నెట్‌లో పీడీఎఫ్ కనబడటం ఈ మూడింటిలో ఏదీ కాదు. ఎవరో స్కాన్ చేసి పెట్టినంత మాత్రాన హక్కు పోదు.

బాబాసాహెబ్ రచనలన్నీ ఒకేసారి అందరివి కాలేదు

భారత కాపీరైట్ చట్టం 1957 ప్రకారం, రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అంబేడ్కర్ 1956 డిసెంబర్ 6న కన్నుమూశారు. కాబట్టి ఆయన బతికుండగా అచ్చయిన రచనలు 2017 జనవరి 1 నుంచి పబ్లిక్ డొమైన్‌లోకి వచ్చాయి. 1936లో ఆయన సొంత ఖర్చుతో వేసిన ‘అనిహిలేషన్ ఆఫ్ కాస్ట్’ అలాంటిదే.

అయితే రచయిత మరణం తర్వాత మొదటిసారి అచ్చయిన వాటి లెక్క వేరు. చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం, ఆ 60 ఏళ్లను మొదటి ప్రచురణ సంవత్సరాన్ని బట్టి లెక్కించాలి. ‘ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ’ 1957లో వచ్చింది. దాని గడువు 2017 చివరికి తీరింది. ‘రిడిల్స్ ఇన్ హిందూయిజం’ను మహారాష్ట్ర ప్రభుత్వం 1987లో ప్రచురించింది. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ 1990లో పుస్తకంగా వచ్చింది. ఈ లెక్కన ఈ రెండింటి గడువు 2047, 2050 చివరిదాకా ఉంటుంది. వీటిని క్లాసులో చదివించడానికి అడ్డేమీ లేదు. కానీ పుస్తకం మొత్తం అచ్చేసి పంచాలంటే హక్కుదారు అనుమతి కావాలి.

తెలుగు అనువాదంపై హక్కు మూల రచనపై హక్కుకు వేరుగా ఉంటుంది. మూలం అందరిదైనా, నిన్నగాక మొన్న వచ్చిన తెలుగు అనువాదం అనువాదకులదో ప్రచురణకర్తదో. కొత్తగా రాసిన ముందుమాట, వివరణలు కూడా అంతే. ఇంగ్లీషు మూలం నుంచి మీరే అనువదించుకుంటే ఈ చిక్కు లేదు.

జాషువా 1971 జూలై 24న మరణించారు. ఆయన బతికుండగా వచ్చిన ‘గబ్బిలం’ వంటి కావ్యాలపై హక్కు 2031 చివరివరకు ఉంటుంది. 2013లో మరణించిన కలేకూరి ప్రసాద్ రచనలపై 2073 చివరివరకు ఉంటుంది.

క్రియేటివ్ కామన్స్ షరతులు

ఓపెన్ లైసెన్సుల్లో ఎక్కువగా కనిపించేవి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు. వాటిలో నాలుగు షరతులు గుర్తుంచుకోవాలి. ‘బీవై’ అంటే రచయిత పేరు చెప్పాలి. ‘ఎస్‌ఏ’ అంటే మార్చి తయారుచేసిన దాన్ని కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి. ‘ఎన్‌సీ’ అంటే వ్యాపారానికి వాడకూడదు. ‘ఎన్‌డీ’ అంటే మార్చిన రూపాన్ని పంచకూడదు. అనువాదం కూడా మార్పే కాబట్టి, ‘ఎన్‌డీ’ ఉన్న కథను తెలుగులోకి తెచ్చి పంచాలంటే విడిగా అనుమతి తీసుకోవాలి.

ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు పిల్లల కథలు ‘సీసీ బీవై’ కింద దొరుకుతాయి. ప్రింటు తీసి బడిలో పంచవచ్చు, మన యాసలోకి మార్చి రాయవచ్చు. కానీ కాగితం మిగుల్చుకోవడానికి చివరి పేజీ తీసేస్తే రచయిత, చిత్రకారుల, అనువాదకుల పేర్లు పోతాయి. పేర్లతో పాటు లైసెన్సు, ఎక్కడి నుంచి తీసుకున్నాం, ఏం మార్చాం అనే వివరాలూ ఉండాలి. వికీపీడియా వ్యాసాలు ‘సీసీ బీవై ఎస్‌ఏ’ కింద ఉంటాయి, వాటికీ ఇదే పద్ధతి.

అనుమతి లేకుండానే చట్టం ఇచ్చిన వీలు

52వ సెక్షన్ చదివితే చాలా భయాలు పోతాయి. పాఠం చెప్పే క్రమంలో ఉపాధ్యాయులు, విద్యార్థులు ఏ రచననైనా కాపీ చేసుకోవచ్చు. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపుపై పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు, పాఠానికి అవసరమైన మేరకు కోర్సు ప్యాకులు తయారుచేసుకోవచ్చని చెప్పింది. పుస్తకాలు కొనలేని మొదటితరం విద్యార్థులకు ఈ తీర్పు పెద్ద అండ.

బడిలో విద్యార్థులు, సిబ్బంది కలిసి నాటకం వేయవచ్చు, పాట పాడవచ్చు. ప్రేక్షకులు ఆ బడికి సంబంధించినవాళ్లు, తల్లిదండ్రులు అయితే చాలు. ఔత్సాహిక సంఘం టికెట్ లేకుండా చేసే ప్రదర్శనకూ మినహాయింపు ఉంది. మార్కెట్లో దొరకని పుస్తకానికి లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం మూడు కాపీల దాకా చేసుకోవచ్చు. తన దగ్గర ఉన్న పుస్తకాన్ని భద్రపరచడానికి డిజిటల్ రూపంలో దాచుకోవచ్చు. పాతబడి చిరిగిపోతున్న దళిత పత్రికల విషయంలో ఇది వెంటనే చేయాల్సిన పని. చూపులేని విద్యార్థుల కోసం పుస్తకాన్ని ఆడియోగానో బ్రెయిలీగానో మార్చడానికీ చట్టం ఒప్పుకుంటుంది.

లైసెన్సు చెప్పని సంగతులు

ఫోటో మీద లైసెన్సు ఉంటే దాని అర్థం ఫోటో తీసినవారు అనుమతి ఇచ్చారని మాత్రమే. ఫోటోలో ఉన్న మనిషి ఒప్పుకున్నారని కాదు. మాన్‌హోల్‌లోకి దిగిన కార్మికుడి ముఖం, దాడికి గురైన కుటుంబం, హాస్టల్ పిల్లలు పోస్టర్ మీదికి ఎక్కేముందు వాళ్లను అడగాలి. లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం కూడా.

పాటల విషయంలోనూ అంతే. చిందు కళాకారులు ఆడే జాంబపురాణాన్ని రికార్డు చేసినవారు ఆ ప్రదర్శనకు యజమానులు కారు. కళాకారులకు ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు ఉంటుంది. నిజమైన బోధన కోసం, పరిశోధన కోసం మాత్రమే చేసే రికార్డింగుకు మినహాయింపు ఉంది. కానీ దాన్ని ఓపెన్ లైసెన్సు పెట్టి లోకానికి ఇచ్చేయడం ఆ హద్దు దాటినట్టే. తమది కానిదాన్ని ఎవరూ దానం చేయలేరు. కళాకారులకు వాళ్ల భాషలో విషయం చెప్పి, ఒప్పుకుంటేనే, వాళ్ల పేరు, ఊరు రాసి పెట్టాలి. వద్దంటే వద్దే.

అచ్చుకు పంపేముందు

ఐదు ప్రశ్నలు వేసుకుందాం. ఎవరు రాశారు, ఎవరు అనువదించారు? మొదట ఎప్పుడు అచ్చయింది? లైసెన్సు ఏమిటి, లేకపోతే ఏ మినహాయింపు వర్తిస్తుంది? ఫోటోలో, పాటలో ఉన్నవాళ్లను అడిగామా? పేర్లన్నీ పుస్తకంలో వచ్చాయా?

రచయితగా తన పేరు చెప్పించుకునే హక్కును, తన రచనను గౌరవానికి భంగం కలిగేలా వక్రీకరిస్తే అడ్డుకునే హక్కును 57వ సెక్షన్ కాపీరైట్‌తో సంబంధం లేకుండా కాపాడుతుంది. చట్టం అలా ఉంచితే, మనకు ఇంకో కారణం కూడా ఉంది. మన తాతముత్తాతలు కట్టిన పాటలు, చెప్పిన కథలు ఎన్నో ‘అజ్ఞాత రచయిత’ పేరిట పుస్తకాలకెక్కాయి. ఆ పని మన చేతులతో మళ్లీ జరగకూడదు. పుస్తకాన్ని వెయ్యి మందికి పంచుదాం, ప్రతి కాపీలోనూ రాసినవాళ్ల పేరు ఉండేలా చూద్దాం.